సీకే, రామస్వామి, హాదీ: పాత ఆటగాళ్ల పట్టికలో ఏ అంకెలు వేద్దాం?

పట్టిక_పని

పాత ఆటగాళ్ల విభాగానికి పట్టిక కడుతున్నాను. తొలి విడతలో ఐదుగురు: సీకే నాయుడు, సీఎస్ నాయుడు, కోటా రామస్వామి, ఎస్.ఎం. హాదీ, విజ్జీ (విజయనగరం మహారాజ్‌కుమార్). గడులు మామూలువే. పుట్టిన తేదీ, టెస్టులు, పరుగులు, సగటు, అత్యధిక స్కోరు.

అన్నీ నింపి చూస్తే పట్టికే తప్పు చెబుతున్నట్టుంది. సీకేకి 7 టెస్టులు, 350 పరుగులు, సగటు 25.00, అత్యధికం 81. రామస్వామికి 2 టెస్టులు, 170 పరుగులు, సగటు 56.66. వీళ్ల గురించి ఏమీ తెలియని కుర్రాడు ఈ రెండు వరుసలూ చూస్తే రామస్వామి సీకేకి రెండింతల బ్యాటర్ అనుకుంటాడు. హాదీకి టెస్టులే లేవు కాబట్టి ఆయన వరుస మొత్తం ఖాళీ. రామస్వామి, హాదీ టెన్నిస్‌లో కూడా దేశానికి ఆడారు, దానికి గడే లేదు.

ఇంకో సందేహం. సీకే, సీఎస్, సీ. రామస్వామి, ముగ్గురికీ ముందు 'సీ' ఉంది. ముగ్గురూ ఒకే ఇంటివాళ్లా?

చేపాక్_గ్యాలరీ

చివరి ప్రశ్న ముందు తేల్చేద్దాం, పేర్ల దగ్గర పొరపాటు పడితే మిగతా పట్టికంతా పాడవుతుంది.

సీకే అంటే కొట్టారి కనకయ్య, సీఎస్ అంటే కొట్టారి సుబ్బన్న. అన్నదమ్ములు, నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం. సీకే పుట్టింది 1895 అక్టోబరు 31న, సీఎస్ 1914లో. ఇద్దరి మధ్య దాదాపు పందొమ్మిదేళ్ల తేడా.

రామస్వామిది వేరే ఇల్లు. మద్రాసు క్రికెట్‌కి పునాది వేసిన బుచ్చిబాబు నాయుడుగారి మూడో కొడుకు, పుట్టింది 1896 జూన్ 16న. తండ్రి ఇంటిపేరు మోతవరపు, అందుకే అన్న బాలయ్య స్కోరుకార్డుల్లో 'ఎం. బాలయ్య'గా ఉంటాడు. రామస్వామి తల్లిగారి వైపు దత్తత వెళ్లాడు కాబట్టి ఇంటిపేరు 'కోటా' అయింది. సొంత అన్నదమ్ములకి రెండు వేర్వేరు ఇంటిపేర్లు ఉండటం మనకి వింత కాదు గానీ, ఇంగ్లీషు కార్డులు చూసి పట్టిక కట్టేవాళ్లు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. కొట్టారినీ కోటానీ ఇంగ్లీషులో 'సీ'తో రాశారు, అంతే. మన పట్టికలో పొడి అక్షరాలు వద్దు, ఇంటిపేరు పూర్తిగా రాయండి.

పాత_స్కోరుబుక్కు

సీకే వరుసలో '7 టెస్టులు' పక్కన ఇంకో అంకె పెట్టాలి: ఆయన ఆడగలిగిన కాలంలో భారత్ ఆడినవి ఎన్ని? 1932లో లార్డ్స్‌లో 1, 1933-34లో ఇక్కడ 3, 1936లో ఇంగ్లండ్‌లో 3. మొత్తం 7. ఆయన ఏడూ ఆడాడు. ఆ తర్వాత భారత్ మళ్లీ టెస్టు ఆడింది 1946లో. అప్పటికి సీకేకి యాభై దాటాయి.

మొదలు కూడా ఆలస్యమే. తొలి టెస్టు 1932 జూన్ 25న. ఆ రోజుకి ఆయన వయసు 36 ఏళ్లు నిండి ఎనిమిది నెలలు కావస్తోంది. ఫస్ట్‌క్లాస్ ఆట (టెస్టుకి కింది మెట్టు, రోజుల తరబడి సాగే పెద్ద మ్యాచ్‌లు) మొదలుపెట్టింది 1916లో, హిందూస్ జట్టుకి (అప్పట్లో బొంబాయిలో మతాలవారీగా ఆడిన జట్లలో ఒకటి). అంటే పదహారేళ్ల ఆట అయ్యాక టెస్టు వచ్చింది. బ్యాటర్‌కి మంచి వయసు అనుకునే 25 నుంచి 35 మధ్య ఆయనకి ఆడటానికి ఒక్క టెస్టు కూడా లేదు.

'7' ఒక్కటే చూస్తే జట్టులో చోటు నిలబెట్టుకోలేదేమో అనిపిస్తుంది. '7లో 7' అని రాస్తే సంగతి తెలుస్తుంది.

కవర్_డ్రైవ్

అది ఒప్పుకుంటాను. కానీ సగటు 25 సగటు 25ఏ కదా? పద్నాలుగు ఇన్నింగ్స్‌లో ఒక్క సెంచరీ లేదు. ఎక్కువ టెస్టులు దొరికుంటే సగటు పెరిగేదని ఎలా అంటాం?

పాత_స్కోరుబుక్కు

పెరిగేదని నేను అనడం లేదండీ. పద్నాలుగు ఇన్నింగ్స్ నుంచి ఏ తీర్పూ ఇవ్వలేం అంటున్నాను. సీకేకి ఇవ్వలేం, రామస్వామి నాలుగు ఇన్నింగ్స్‌కి అసలే ఇవ్వలేం. రామస్వామి స్కోర్లు 40, 60, 29, 41 నాటౌట్. మొత్తం 170. ఔటైంది మూడుసార్లే కాబట్టి మూడుతో భాగిస్తే 56.66. అదే 170ని నాలుగు ఇన్నింగ్స్‌కి పంచితే 42.5. ఒక్క నాటౌట్ పద్నాలుగు పరుగుల తేడా తెచ్చింది. ఇన్నింగ్స్ పదికి లోపు ఉన్నచోట సగటు గడి ఖాళీగా వదిలి, స్కోర్లన్నీ వరుసగా రాయడం మేలు.

సీకేకి కొలత కావాలంటే ఫస్ట్‌క్లాస్ చూడండి: 207 మ్యాచ్‌లు, 11,825 పరుగులు, సగటు 35.94, సెంచరీలు 26, వికెట్లు 411. అందులో కూడా బాగా తూకానికి వచ్చేది 1932 ఇంగ్లండ్ పర్యటన. 26 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు, 1,618 పరుగులు, సగటు 40.45, సిక్సర్లు 32, పైగా 65 వికెట్లు. తెలియని దేశం, తడి పిచ్‌లు, వారానికి రెండు మ్యాచ్‌లు, నెత్తిన కెప్టెన్సీ. 1933లో విజ్డెన్ (ఇంగ్లండ్‌లో ఏటా వచ్చే క్రికెట్ పుస్తకం) ఆ ఏటి ఐదుగురు ఆటగాళ్లలో ఆయన్ని ఎంచింది ఈ పనికే.

లార్డ్స్ టెస్టు కూడా అంకె ఒక్కటీ చూస్తే అర్థం కాదు. ఇంగ్లండ్ 19కి 3 వికెట్లు పడిపోయి, తేరుకుని 259 చేసింది. మనవాళ్లు 189. అందులో ఎక్కువ పరుగులు సీకేవే, 40. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలాక ఆడిన ఆట అది. మూడు రోజుల టెస్టులో 158 పరుగుల తేడాతో ఓడిపోయాం.

నారచాప

కవర్_డ్రైవ్ గారూ, ఆ కాలం సగటుని ఇప్పటి సగటు పక్కన పెట్టే ముందు పిచ్ సంగతి, చట్టం సంగతి చూడాలి.

ఇక్కడ చాలా మైదానాల్లో ఆడింది మ్యాటింగ్ మీద. గట్టినేల చదును చేసి, దానిమీద కొబ్బరిపీచు చాపో జనపనార చాపో పరిచి, చుట్టూ మేకులు కొట్టి బిగిస్తారు. బిగువు మీదే అంతా ఉంటుంది. చాప బిగుతుగా ఉంటే బంతి ఎత్తుగా, నమ్మకంగా లేస్తుంది, బ్యాటర్ నిలబడి కట్, హుక్ ఆడుకోవచ్చు. మధ్యాహ్నానికి మేకులు సడలి చాప వదులైతే అదే బంతి పట్టు దొరికి గిర్రున తిరుగుతుంది. దీనికి అలవాటైన బ్యాటర్ ఇంగ్లండ్ వెళ్తే, అక్కడ పచ్చిగడ్డి మీద బంతి తక్కువ ఎత్తులో, జారుతూ వస్తుంది. రాత్రి వాన పడితే పిచ్ కప్పే ఆనవాయితీ లేదు. పొద్దున ఎండ వచ్చి పైపొర ఆరేటప్పుడు లోపల తడి ఉంటుంది, ఆ రెండు మూడు గంటలూ స్పిన్నర్‌ని ఎదుర్కోవడం మహా కష్టం. ముందుకెళ్లి ఆడాలా వెనక్కి జరగాలా అన్నది అలవాటు మీద నడుస్తుంది. ఆ అలవాటు మార్చుకోవడానికి పర్యటనలో మొదటి నెల అయిపోతుంది.

చట్టం బ్యాటర్‌కి అనుకూలం. ఎల్బీడబ్ల్యూ ఇవ్వాలంటే బంతి వికెట్ల వరుసలోనే పడాలి. ఆఫ్ స్టంప్ బయట పడి లోపలికొచ్చే బంతిని ప్యాడ్‌తో అడ్డుకుంటే ఔట్ లేదు. దీన్ని 1935లో ప్రయోగంగా మార్చి, 1937లో చట్టంలోకి ఎక్కించారు. స్టంపుల కొలత కూడా ఈ కాలంలోనే పెరిగింది. ఎత్తు 27 అంగుళాలది 28, వెడల్పు 8ది 9.

ఇన్ని మారుతున్నప్పుడు 1926 పరుగునీ 1936 పరుగునీ ఒకే రూపాయి కింద లెక్కేయలేం.

కృష్ణాతీరం

సీకే వరుసలో 1926 డిసెంబరు 1 తప్పకుండా ఉండాలి. బాంబే జింఖానాలో ఇంగ్లండ్ కెప్టెన్ గిల్లిగన్ తెచ్చిన ఎంసీసీ (లండన్‌లోని మేరిల్‌బోన్ క్రికెట్ క్లబ్) జట్టు మీద హిందూస్ తరఫున 153. రెండు గంటలు కూడా పట్టలేదు. 11 సిక్సర్లు, 13 ఫోర్లు. లెక్క చూడండి: సిక్సర్లతో 66, ఫోర్లతో 52, కలిపి 118. పరుగెత్తి తీసింది 35 మాత్రమే.

సిక్సర్ కూడా అప్పటికి పాతబడిన మాట కాదు. 1910కి ముందు ఇంగ్లండ్‌లో ఆరు రావాలంటే బంతి మైదానం దాటి బయట పడాలి, గీత దాటితే చాలదు. ఆ చట్టం మారి పదహారేళ్లే అయింది. ఒకే ఇన్నింగ్స్‌లో పదకొండు అన్నది అప్పటికి ఎక్కడా జరగలేదు. భారత్‌కి టెస్టు హోదా ఇవ్వచ్చని గిల్లిగన్ ఇంగ్లండ్ వెళ్లి చెప్పడానికి ఆ పర్యటనే కారణం.

పట్టిక_పని

సరే, 'ఆడగలిగినవి / ఆడినవి' గడి పెట్టాను. సగటు గడిలో పది ఇన్నింగ్స్ నియమం కూడా పెట్టాను. రామస్వామికి నలభై ఏళ్లకి టెస్టు ఎలా వచ్చిందో ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి.

చేపాక్_గ్యాలరీ

1936 పర్యటన. మూడు టెస్టులు, ఆయన ఆడింది రెండు, మూడు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో జులై 25న టెస్టు మొదలైన రోజుకి ఆయన వయసు 40 ఏళ్ల 39 రోజులు. భారత్ తరఫున అంతకన్నా పెద్ద వయసులో తొలి టెస్టు ఆడింది రుస్తోంజీ జంషెడ్జీ ఒక్కడే, 1933లో బొంబాయిలో, 41 ఏళ్లకి.

ఆ మాంచెస్టర్ టెస్టు ఎలా నడిచిందో చూడండి. మొదటి ఇన్నింగ్స్ 203కే అయిపోయింది, అందులో రామస్వామి 40. ఇంగ్లండ్ 571కి 8, డిక్లేర్. హ్యామండ్ 167. రెండో రోజు, సోమవారం, ఒక్క రోజులో రెండు జట్లూ కలిపి 588 పరుగులు చేశాయి. టెస్టుల్లో ఒక రోజుకి అదే అత్యధికం. 368 వెనకబడి మళ్లీ బ్యాటింగ్‌కి దిగిన మర్చంట్, ముస్తాక్ అలీ ఆ సాయంత్రానికి వికెట్ పోకుండా 190 చేశారు. మంగళవారం తొలి వికెట్ 203 దగ్గర పడింది. ముస్తాక్ 112, మర్చంట్ 114.

రామస్వామి మూడో స్థానంలో వచ్చింది అప్పుడు. ఇంకా 165 బాకీ ఉంది, రోజంతా మిగిలుంది. ఓపెనర్లు కొట్టిన ఊపులో తర్వాతివాళ్లు కూడా బ్యాటు ఊపి ఔటైతే మ్యాచ్ పోతుంది. ఎడమచేతి వాటం మనిషి 60 చేసి వెళ్లాడు. 390కి 5 దగ్గర మ్యాచ్ డ్రా. ఓపెనర్ల సెంచరీల మధ్య ఈ 60 ఎవరికీ గుర్తు లేదు. నా దృష్టిలో ఆ డ్రాకి మూడో కాలు అదే.

ఓవల్‌లో 29, 41 నాటౌట్. ఆ టెస్టు ఓడిపోయాం, 9 వికెట్లతో. సీకే తన అత్యధిక స్కోరు 81 చేసింది కూడా ఆ మ్యాచ్ రెండో ఇన్నింగ్స్‌లోనే.

ఒక చిన్న మాట. మాంచెస్టర్‌లో ఆడిన పదకొండు మందిలో నలుగురు తెలుగు కుటుంబాల వాళ్లు: విజ్జీ, సీకే, సీఎస్, రామస్వామి.

గట్_తీగ

ఇక టెన్నిస్ గడులు. రామస్వామి కేంబ్రిడ్జిలో చదువుతూ టెన్నిస్ బ్లూ (విశ్వవిద్యాలయం జట్టుకి ఆడినవాళ్లకిచ్చే గౌరవం) తెచ్చుకున్నాడు. 1922లో డేవిస్ కప్‌లో భారత్‌కి డబుల్స్ ఆడాడు. బ్రిస్టల్‌లో రుమేనియా మీద గెలిచారు, తర్వాత స్పెయిన్ చేతిలో ఓడారు. అంతకు ముందేడే మొదటిసారి డేవిస్ కప్‌లో అడుగుపెట్టిన భారత్ పారిస్‌లో ఫ్రాన్స్‌ని 4-1తో ఓడించింది. అంటే రామస్వామి చేరింది బలమైన జట్టులో.

పట్టికలో జాగ్రత్త పడాల్సినవి చెబుతాను. డేవిస్ కప్‌లో దేశానికీ దేశానికీ జరిగేది 'టై'. అందులో నాలుగు సింగిల్స్, ఒక డబుల్స్, ఒక్కోదాన్ని 'రబ్బర్' అంటారు. టై 4-1 అని ఉంటే అది జట్టు లెక్క. ఆటగాడి వరుసలో వేయాల్సింది అతను ఆడిన రబ్బర్లే. టై ఓడినా అతని రబ్బర్ గెలిచి ఉండచ్చు.

భారత జట్టులో అప్పుడు ఫైజీలు ఇద్దరు, హసన్ అలీ, అథర్ అలీ. కార్డులో 'ఫైజీ' అని మాత్రమే ఉంటే పొడి అక్షరాలు చూడకుండా ఎక్కించకండి.

వింబుల్డన్ విషయంలో 1922 గీత గీయండి. అంతకు ముందు నిరుటి విజేత ఊరికే కూర్చుంటాడు, మిగతావాళ్లంతా ఆడి గెలిచినవాడు వచ్చి అతనితో ఒక్క మ్యాచ్ ఆడతాడు. 1922 నుంచి విజేత కూడా మొదటి రౌండ్ నుంచే ఆడాలి. కాబట్టి 1922కి ముందు 'ఫైనల్' అన్న మాటకి అర్థం వేరు. టై-బ్రేక్ అప్పట్లో లేదు. 14-12 లాంటి సెట్ స్కోరు కనిపిస్తే అచ్చుతప్పు అనుకుని దిద్దకండి.

కవర్_డ్రైవ్

క్రికెట్ ఆడే మనిషి డేవిస్ కప్ స్థాయి టెన్నిస్ ఆడటం అప్పట్లో ఎలా కుదిరింది? ఇప్పుడు ఊహించలేం.

గట్_తీగ

కాలం సర్దుకునేది కాబట్టి కుదిరింది. ఇక్కడ క్రికెట్ చలికాలపు ఆట, కేంబ్రిడ్జిలో టెన్నిస్ వేసవి ఆట. రెండింటికీ జీతం లేదు, ఏడాది పొడుగునా పోటీలూ లేవు.

రాకెట్ కూడా ఒక కారణం. 'యాష్' అనే చెట్టు చెక్కని ఆవిరితో వంచి చేసిన చట్రం, బరువు దాదాపు 380 నుంచి 410 గ్రాములు. ఇప్పటిది 300 దగ్గర ఉంటుంది. తల చిన్నది, 70 చదరపు అంగుళాల లోపు. మణికట్టుతో తిప్పి టాప్‌స్పిన్ కొట్టే వీలు తక్కువ. భుజం నుంచి నిండుగా ఊపి, బంతిని చదునుగా, సరైన క్షణానికి కొట్టాలి. బ్యాటు డ్రైవ్‌కీ దీనికీ దగ్గర పోలిక ఉంది. పైగా సర్వ్ చేసేటప్పుడు ఒక కాలు నేల వదలకూడదన్న నియమం 1950ల చివరిదాకా ఉంది, అందువల్ల సర్వీస్ మరీ భయపెట్టేది కాదు. నెట్ దగ్గర చేయి చురుకైనవాడికి డబుల్స్‌లో లాభం.

మద్రాసు లాంటి ఊళ్లో ఆ రాకెట్‌ని కాపాడటం ఒక పెద్ద పని. తీగలు గొర్రె పేగువి. గాలిలో తేమ ఎక్కితే తీగ ఉబ్బి, పైపొర పోగులు లేచి, బిగువు పోతుంది, చివరికి పుటుక్కున తెగుతుంది. అందుకే పల్చగా వార్నిష్ పూసేవాళ్లు. చట్రం వంకరపోకుండా ఆట అయిన వెంటనే చెక్క ప్రెస్‌లో పెట్టి నాలుగు మూలలా మరలు బిగించాలి. ఒక మూల పూర్తిగా బిగించి తర్వాత పక్క మూలకి వెళితే ప్రెస్సే చట్రాన్ని వంచేస్తుంది. ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి.

లష్కర్_1934

హాదీ వరుస ఖాళీ అన్నారు, అది నాకు బాధగా అనిపించింది. పూరిద్దాం.

సయ్యద్ మహమ్మద్ హాదీ, హైదరాబాద్, పుట్టింది 1899 ఆగస్టు 12న. రంజీ ట్రోఫీ మొదలైన 1934-35లోనే, సికింద్రాబాద్‌లో, మద్రాసు మీద 132 నాటౌట్. రంజీ చరిత్రలో మొట్టమొదటి సెంచరీ అదే. మన ఊళ్లో, మనవాడు కొట్టింది. 1936 ఇంగ్లండ్ పర్యటనకి కూడా వెళ్లాడు గానీ టెస్టు రాలేదు.

టెన్నిస్‌లో కేంబ్రిడ్జి బ్లూ, డేవిస్ కప్, 1924 పారిస్ ఒలింపిక్స్. ఆ ఒలింపిక్స్ తర్వాత టెన్నిస్‌ని తీసేశారు, పతకాల పోటీగా తిరిగొచ్చింది 1988లో. కాబట్టి 'ఒలింపియన్' అన్న మాట ఆయన వరుసలో ఉండాలి, అప్పట్లో అది చాలా తక్కువమందికి దొరికిన అవకాశం. హాకీ, ఫుట్‌బాల్, టేబుల్ టెన్నిస్, చదరంగం, పోలో కూడా ఆడేవాడు, మొత్తం ఏడు ఆటలు. అందుకే 'రెయిన్‌బో హాదీ' అన్నారు.

పాత_స్కోరుబుక్కు

సీఎస్ నాయుడు దగ్గర అంకెలు ఇంకా ఘోరంగా మోసం చేస్తాయి. 11 టెస్టులు, 2 వికెట్లు. ఇది మాత్రమే వేస్తే అతను బౌలరే కాదనుకుంటారు. ఫస్ట్‌క్లాస్‌లో 647 వికెట్లు తీసిన లెగ్‌స్పిన్నర్ అతను.

1944-45 రంజీ ఫైనల్, బొంబాయి మీద హోల్కర్ (ఇండోర్ సంస్థానం) జట్టుకి: మొదటి ఇన్నింగ్స్‌లో 64.5 ఓవర్లు 153కి 6, రెండో ఇన్నింగ్స్‌లో 88 ఓవర్లు 275కి 5. ఓవర్‌కి ఆరు బంతుల చొప్పున 389, 528, మొత్తం 917. ఒక ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లో ఒక్క బౌలర్ వేసిన బంతుల్లో ఇదే ఎక్కువ. మణికట్టు తిప్పి వేసే బౌలర్ 917 బంతులు! వేలి చర్మం ఏమై ఉంటుందో ఆలోచించండి. ఆ మ్యాచ్ హోల్కర్ 374 పరుగుల తేడాతో ఓడింది.

ఇక్కడే ఇంకో హెచ్చరిక. ఓవర్లని బంతులుగా మార్చేటప్పుడు అన్నిచోట్లా ఆరుతో గుణించకండి. ఆస్ట్రేలియాలో 1918-19 నుంచి చాలాకాలం ఓవర్‌కి ఎనిమిది బంతులు. ఇంగ్లండ్‌లో కూడా 1939 ఒక్క సీజన్ ఎనిమిది వేశారు.

కృష్ణాతీరం

సీకేకి 'ఎవరి కొలువులో ఉండి ఆడాడు' అన్న గడి కూడా ఉండాలి. 1923లో హోల్కర్ రాజు పిలిచి సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చాడు, తర్వాత కల్నల్ అయ్యాడు. ఆ జీతం లేకపోతే నలభై ఏళ్లు ఆడటం కుదిరేది కాదు. ఆంధ్ర రంజీలోకి వచ్చిన 1953-54లో మన జట్టుకి ఆడాడు, అప్పటికి 58. 1956-57లో ఉత్తరప్రదేశ్‌కి ఆడుతూ రాజస్థాన్ మీద 84 కొట్టినప్పుడు 61. పద్మభూషణ్ 1956లో వచ్చింది.

నారచాప

విజ్జీ వరుసకి: పూసపాటి విజయానంద గజపతిరాజు, 1905 డిసెంబరు 28. 3 టెస్టులు, 33 పరుగులు, మూడింటికీ కెప్టెన్. స్కోరుకార్డులో 'మహారాజ్‌కుమార్ ఆఫ్ విజయనగరం' అని ఉంటుంది, అక్షరక్రమంలో ఎక్కడ వెతకాలో ముందే తెలియాలి. 1930-31లో హాబ్స్‌నీ సట్‌క్లిఫ్‌నీ సొంత ఖర్చుతో ఇక్కడికి రప్పించి ఆడించాడు. 1936లో అమర్‌నాథ్‌ని టెస్టులు మొదలవకుండానే ఇంటికి పంపించిందీ ఆయన నాయకత్వంలోనే. రెండూ రాయండి. ఆటగాడిగా ఆయన వరుస పొట్టిదే, ఆ కాలపు ఆట మీద ఆయన చేయి మాత్రం పెద్దది.

పట్టిక_పని

పట్టిక దాదాపు అయింది. సగటు గడి వెనక్కి జరిపి, ముందు ఇవి పెట్టాను: ఇంటిపేరు పూర్తిగా, తొలి టెస్టు నాటి వయసు, భారత్ ఆడినవి / ఆయన ఆడినవి, ఫస్ట్‌క్లాస్ లెక్క, రెండో ఆట, కొలువు.

ఒక్క గడి మిగిలింది. రామస్వామి మరణ తేదీ. కొన్నిచోట్ల 1990 జనవరి అని ఉంది, కొన్నిచోట్ల ఖాళీ.

చేపాక్_గ్యాలరీ

ఏ తేదీ వేయకండి. ఆయన 1953లో వెస్టిండీస్ వెళ్లిన జట్టుకి మేనేజర్‌గా చేశాడు, తర్వాత మద్రాసులోనే ఉన్నాడు. 1985 అక్టోబరులో, 89 ఏళ్ల వయసులో, అడయార్‌లోని ఇంటి నుంచి బయటికి వెళ్లి తిరిగి రాలేదు. ఆచూకీ దొరకలేదు. విజ్డెన్ కూడా చనిపోయి ఉంటాడన్న ఊహగానే రాసింది.

పట్టిక_పని

'1985 అక్టోబరు నుంచి ఆచూకీ లేదు' అని రాశాను. పట్టిక ఎక్కించేశాను, చూడండి.